తెల్లవారే దాకా భారతం... ఇంకెన్నాళ్లు?

వేసవి జాతరలకు జనం కొదవ లేదు.. వీధి నాటకానికే రాత్రులు కరువు
చందాల్లో సింహభాగం దీపాలకు, మైకులకు.. వేషధారికి మిగిలేది అంతంత మాత్రం

చిత్తూరు: ఉదయం పది దాటితే వీధులు నిర్మానుష్యం. మధ్యాహ్నం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ కాలంలో ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెలకు జీవకళ వచ్చేది పొద్దు గుంకిన తరువాతే. ధర్మరాజుల గుడి ముందు ఇసుకలో చాపలు పరుచుకుంటాయి. హార్మోనియం శ్రుతి సరిచూసుకుంటుంది. బెంగళూరు నుంచి, చెన్నై నుంచి సెలవు పెట్టుకుని వచ్చిన కొడుకులూ కోడళ్లూ పిల్లలను వెంటబెట్టుకుని చేరుతారు. ఎవరి ఊరి భారతం వారికి గొప్ప. ఉద్యోగాల కోసం ఊరు విడిచిన వారు సంక్రాంతికి రాకపోయినా భారతానికి తప్పక వస్తారన్నది ఈ ప్రాంతంలో వింత మాట కాదు.

చైత్రం మొదలు ఆషాఢం దాకా జిల్లాలో ఏదో ఒక మూల భారతం జరుగుతూనే ఉంటుంది. మే నెలలో ఏ వారం తీసుకున్నా తిరుపతి, కుప్పం, చిత్తూరు గంగ జాతరలలో ఏదో ఒకటి ముంగిట ఉంటుంది. వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి. చూడదగినవి ఇన్ని ఉండగా ఎక్కడికి వెళ్లాలన్నది చదువరికి ఎదురయ్యే ప్రశ్న. వెళ్లిన చోట చూసేది మునుపటి లాగే నిండుగా ఉందా, పై మెరుగులు మిగిలి లోపల గుల్లవుతోందా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. జాతరల విషయంలో ఆందోళన పడవలసింది అంతగా లేదు. భారతాల విషయంలో మాత్రం ఉంది.

పగలు కథ.. రాత్రి ఆట

ఇతర జిల్లాల వారికి భారతమంటే పుస్తకం. ఇక్కడి వారికి అది పండుగ పేరు. ద్రౌపదీ సమేత ధర్మరాజుల ఆలయంలో ధ్వజారోహణం జరిపి, కంకణాలు కట్టుకున్నది మొదలు పద్దెనిమిది పర్వాలకు గుర్తుగా పద్దెనిమిది రోజులు ఊరంతా భారతంలోనే బతుకుతుంది. మధ్యాహ్నం పూట భాగవతార్ హరికథ చెబుతారు. పగలు కథగా విన్న ఘట్టాన్నే రాత్రి వీధి నాటకంగా ఆడతారు. కొన్ని ఊళ్లలో పద్దెనిమిది రోజులూ కథ సాగినా నాటకం చివరి ఎనిమిది, పది రాత్రులకే పరిమితం.

ఈ సంప్రదాయం ఒక్క చిత్తూరుది కాదు. ఉత్తరార్కాటు, కోలారు ప్రాంతాలకూ ఇది ఉమ్మడి ఆస్తి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చిత్తూరు, పలమనేరు తదితర ప్రాంతాలు ఉత్తరార్కాటు నుంచి, మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చి కలిశాయి. 1960లో పటాస్కర్ నిర్ణయం మేరకు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. సత్యవేడు ఆంధ్రకు వచ్చింది. గీతలు మారినా గుళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. అందువల్ల నగరి, సత్యవేడు, కుప్పం వైపు తమిళ తెరుక్కూత్తు మేళాలు, తెలుగు వీధి నాటక మేళాలు రెండూ కనిపిస్తాయి. తెలుగు భాగవతార్లకు కవిత్రయ భారతం ఆధారం కాగా, తమిళ పౌరాణికులకు విల్లిపుత్తూరార్ భారతం ఆధారం. రెండింటిలోనూ లేని కథలు ఊరి భారతంలో ఉంటాయి. ద్రౌపది గుళ్లలో కాపలా దేవుడుగా నిలిచే పోతురాజు వ్యాసుడికి తెలియడు. అయినా ఆయన లేనిదే ఇక్కడ ఉత్సవం సాగదు. ఆల్ఫ్ హిల్టెబైటెల్ అనే అమెరికన్ పండితుడు సెంజి ప్రాంతం కేంద్రంగా ద్రౌపది ఆరాధనపై రెండు పెద్ద సంపుటాలు రాసి 1988, 1991లలో వెలువరించారు. తెలుగు మేళాలపై ఆ స్థాయి పరిశ్రమ జరగవలసి ఉంది.

మొదటి రోజులలో బకాసుర వధ. భీముడి వేషధారి బండి నిండా అన్నం, పిండివంటలతో వీధి వీధీ తిరుగుతాడు. పిల్లలకు ఇంతకు మించిన వేడుక లేదు. ద్రౌపదీ కల్యాణం, రాజసూయం, జూదం, వస్త్రాపహరణం వరుసగా నడుస్తాయి. వస్త్రాపహరణం రాత్రి ప్రేక్షకుల తీరు గమనించదగినది. దుశ్శాసనుడు చీర మీద చేయి వేయబోయే ముందు ఆ వేషధారి తెర ముందు అమ్మవారికి హారతి పట్టి, తప్పు కాయమని వేడుకునే ఆనవాయితీ ఉంది. ద్రౌపది వేషం కట్టినది ఎవరైనా ఆ రాత్రికి అది దేవతే. నాటకానికీ పూజకూ మధ్య గోడ ఎంత పలుచనిదో పట్నవాసం చేసే వారికి ఆ ఒక్క క్షణంలో తెలిసిపోతుంది.

అర్జున తపస్సు నాడు గుడి మైదానంలో నిలువెత్తు మాను పాతుతారు. అర్జున వేషధారి పద్యాలు పాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కి, పైనుంచి నిమ్మపండ్లు, విభూతి, పూలు జారవిడుస్తాడు. సంతానం కోరే స్త్రీలు తడి బట్టలతో మాను చుట్టూ సాష్టాంగపడి వరపడతారు. పాశుపతం కోసం అర్జునుడు చేసిన తపస్సుకూ సంతానానికీ సంబంధం ఏమిటని అడిగే వారు లేకపోలేదు. తపస్సు ఫలించే చోట ఏదడిగినా దొరుకుతుందన్నది జనం లెక్క. ఈ ఒక్క రోజుకే వేల జనం వస్తారు. కూల్ డ్రింకుల దుకాణాలు, రంగుల రాట్నాలు, చెరకు రసం బండ్లు బారులు తీరుతాయి.

చివర దుర్యోధన వధ. గుడి మైదానంలో నేల మీద వెల్లకిలా పడుకోబెట్టిన పెద్ద మట్టి బొమ్మ చుట్టూ భీముడు, దుర్యోధనుడు గదలతో పరుగులు తీస్తారు. తొడ విరిగిన పిదప ద్రౌపది విరబోసుకున్న జుట్టు ముడి వేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం. కంకణం కట్టిన వారు నిప్పులు తొక్కుతారు.

తగ్గుతున్నది ఏది?

పైకి చూస్తే దేనికీ లోటు లేదు. అర్జున తపస్సుకు, దుర్యోధన వధకు, అగ్నిగుండానికి జనం పెరుగుతున్నారే గాని తరగడం లేదు. విద్యుద్దీపాల తోరణాలు కిలోమీటరు పొడవునా సాగుతున్నాయి. తగ్గుతున్నది ఈ పెద్ద రోజుల మధ్య ఉండే చిన్న రాత్రులు.

పద్దెనిమిది రాత్రులు ఆడిన ఊరు పదికి వచ్చింది. పది ఆడిన ఊరు ఐదుకు వచ్చింది. కుదింపు వచ్చినప్పుడు మొదట ఎగిరిపోయేవి సుభద్రా పరిణయం, కీచక వధ, ఉత్తర గోగ్రహణం, సైంధవ వధ వంటి ఘట్టాలు. తెల్లవారుజాము కోడికూతతో మంగళం పాడవలసిన నాటకం అర్ధరాత్రికే ముగుస్తోంది. మిగిలిన ఖాళీలో ఆర్కెస్ట్రాలు, సినిమా పాటల విభావరులు చోటు చేసుకుంటున్నాయి.

ఒక రాత్రి తగ్గితే వచ్చే నష్టమేమిటన్న ప్రశ్న సహజం. వీధి నాటకానికి కళాశాల లేదు. ఆడుతూ నేర్చుకోవడమే చదువు. మేళంలో చేరిన కుర్రవాడు మొదట బాలవేషం కడతాడు. తరువాత ఉత్తరుడు, అభిమన్యుడు. గొంతు నిలదొక్కుకున్నాక అర్జునుడు, కర్ణుడు. చివరికి గాని దుర్యోధనుడి కిరీటం నెత్తికెక్కదు. ఆ కిరీటం, భుజకీర్తుల బరువు మోస్తూ, గజ్జె కట్టి గిరికీలు తిరుగుతూ, ఊపిరి తెగకుండా పద్యం ఎత్తుకోవడం ఏళ్ల సాధన. చిన్న ఘట్టాలు ఎత్తివేసిన ఊళ్లలో పోయేది ఒక రాత్రి ఆట మాత్రమే కాదు. కొత్తవాడు కాలు పెట్టే మొదటి మెట్టు పోతోంది. పెద్ద వేషాలు ఆడేవారు అలాగే ఉన్నారు. వారికి వయసు మీద పడుతోంది. వారి వెనుక నిలబడిన వారు పలుచబడుతున్నారు. కొన్ని మేళాల్లో ద్రౌపది, సుభద్ర వేషాలకు స్త్రీలు రావడం మంచి పరిణామమే అయినా, మిగతా వేషాల కొరతకు అది మందు కాదు.

పాఠం సంగతీ అంతే. అన్నమయ్య సంకీర్తనలు 32 వేలని ప్రసిద్ధి. నేడు దొరికినవి అందులో సగం కూడా లేకపోయినా, ఆ దొరికినవైనా రాగిరేకుల పుణ్యమా అని నిలిచాయి. వీధి నాటకానికి రాగిరేకులు లేవు. గురువు గారి నోటుపుస్తకం, ఆయన జ్ఞాపకం.. ఇవే ఆధారం. వచనంలో చాలా భాగం అక్కడికక్కడ కల్పించేది. హాస్యగాడు ఊరి రాజకీయాల మీద, కరెంటు కోతల మీద వేసే చురకలు ఏ పుస్తకంలోనూ ఉండవు. ఆడని ఘట్టం రెండు తరాలలో మరుగున పడుతుంది. ఇటీవల యువకులు ఫోన్లతో చిత్రీకరించి యూట్యూబులో పెడుతున్నారు. ఇది ఆహ్వానించదగినదే. అయితే వారు తీసేదీ ఎక్కువగా ఆ పెద్ద రోజులనే.

లెక్క చూస్తే...

ఉత్సవం నడిచేది చందాలతో, ఉభయదారులతో. ఒక్కో రోజు ఉభయం ఒక్కో కుటుంబానిది, లేదా ఒక్కో కులానిది. అది వారికి తాతల నాటి హక్కు, గౌరవం. ఉభయదారు పూలకు, అలంకారానికి, అన్నదానానికి, దీపాలకు ఖర్చు పెట్టడానికి వెనుకాడడు. ఆ ఖర్చు నలుగురికీ కనబడుతుంది. మేళం వద్దకు వచ్చేసరికి బేరం మొదలవుతుంది.

మేళమంటే వేషధారులు, మద్దెల, హార్మోనియం, తాళం, వంతపాట కలిపి పది, పదిహేను మందికి తక్కువ ఉండరు. ఉపాధి హామీ పథకంలో 2025-26లో రాష్ట్రానికి నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. రాత్రంతా ఆడి, పగలు నిద్ర కాచుకునే మనిషికి రెండు రోజుల కూలి ఇవ్వాలనుకుందాం. తలకు 614 రూపాయలు. పదిహేను మందికి రాత్రికి 9,210. పది రాత్రులకు 92,100. పద్దెనిమిది రాత్రులకు 1,65,780 రూపాయలు. రంగులు, ఉడుపులు, ప్రయాణం ఇందులో చేరలేదు. ఇది కళకు కట్టిన విలువ కాదు, మట్టి పనికి ఇచ్చే కూలితో వేసిన లెక్క మాత్రమే. ఈపాటి మొత్తం కూడా భారమనుకునే కమిటీలు దీపాల గుత్తేదారుకు, సౌండు సర్వీసుకు అడిగినంత ముట్టజెబుతున్న ఊళ్లు ఉన్నాయి. లోటును పూడ్చేది ప్రేక్షకుల చదివింపులు. పది, ఇరవై, యాభై, వంద.. ఇచ్చిన వారి పేరు, గోత్రం, ఊరు నడి పద్యంలో మైకులో చదవవలసిందే. కర్ణుడు కవచం కోసి ఇచ్చే సమయంలో ఫలానా వారి చదివింపు నూట పదహార్లు అని వినిపిస్తే కొత్తవారు నవ్వుకుంటారు. అది లేకుంటే మేళం పొయ్యి వెలగదని తెలిస్తే నవ్వు రాదు.

చందా ఇచ్చే రైతు చేతిలో డబ్బు ఆడాలి కదా అన్నది మరో కోణం. ఈ జిల్లాల్లో వేసవి ఆశలన్నీ తోతాపురి మామిడి మీదే. కోతలు జూన్, జులై నెలల్లో ముమ్మరం. అంటే భారతం చందా చాలా ఊళ్లలో రాబోయే పంటను తలచుకుని ఇచ్చేదే. 2025 సీజనులో గుజ్జు పరిశ్రమలు కొనుగోళ్లకు వెనుకాడి ధర పతనమైనప్పుడు, కిలోకు పరిశ్రమలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు చొప్పున మొత్తం 12 రూపాయలు అందేలా ప్రకటన చేయవలసి వచ్చింది. అలాంటి ఏడాది మరుసటి వేసవి చందా పుస్తకం ఎంత పలుచనవుతుందో ఊహించడం కష్టం కాదు. చందా తగ్గితే ముందుగా కత్తెర పడేది దీపాలకు కాదు, నాటకం రాత్రులకే.

ప్రభుత్వ సాయం బొత్తిగా లేదనడం సరికాదు. సామాజిక పింఛన్లలో డప్పు కళాకారులకు, కళాకారులకు విభాగాలున్నాయి. 2024 జులై నుంచి ఈ పింఛను నెలకు 4,000 రూపాయలైంది. చిక్కేమిటంటే వీధి నాటక వేషధారి ఏడాదిలో ఎక్కువ నెలలు వ్యవసాయ కూలీయో, తాపీ పనివాడో, ఆటో డ్రైవరో. రికార్డులో వృత్తి అదే పడుతుంది. వేసవి మూడు నెలల అర్జునుడిని కాగితం మీద కళాకారుడిగా నిరూపించడం అతనికి అలవి కాని పని. భారతం కమిటీలు మేళానికి ఇచ్చే సొమ్ముకు సంతకం చేసిన రశీదు, ఆడిన వారి పేర్ల జాబితా ఇవ్వడం మొదలుపెడితే చేతిలో ఒక ఆధారమైనా ఉంటుంది. ఇందుకు ఏ జీవో అక్కరలేదు. అన్నట్టు, జిల్లా పేజీలలో వచ్చే భారతం వార్తలలో హాజరైన నాయకుల పేర్లు వరుసగా ఉంటాయి గాని అర్జునుడెవరో, ద్రౌపది ఎవరో కనిపించదు. పత్రికలు కూడా ఈ తప్పులో పాలు పంచుకున్నాయి.

మైకు దగ్గర చిక్కు

రాత్రులు తగ్గడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల దాకా బహిరంగ ప్రదేశాలలో లౌడ్ స్పీకర్లు వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. అదీ ఏడాది మొత్తానికి 15 రోజులకు మించకుండా. సుప్రీంకోర్టు 2005లో ఇచ్చిన తీర్పులు ఈ నిబంధనలను బలపరిచాయి. 2010 సవరణతో వాద్యాలు కూడా దీని పరిధిలోకి వచ్చాయి.

పద్దెనిమిది రాత్రుల భారతం, తెల్లవారే దాకా సాగే ఆట ఈ చట్రంలో ఇమిడేవి కావు. ఆచరణలో స్థానిక పోలీసుల సర్దుబాటు మీద నడుస్తోంది. ఒక ఏడాది ఊరుకున్న వారు మరుసటి ఏడాది ఊరుకోకపోవచ్చు. ఎన్నికల ఏడాది అయితే చెప్పనక్కర లేదు. 2024లో మే 13న పోలింగు జరిగింది, సరిగ్గా భారతాల నడుమ. అనుమతి వస్తుందో రాదోనన్న సందిగ్ధంలో కమిటీలు అర్ధరాత్రికి ముగిసే ఒప్పందాలకే మొగ్గు చూపుతాయి.

నిబంధన తప్పని అనలేం. పది గంటల తరువాత నిద్ర పట్టని వృద్ధులు, పరీక్షలకు చదివే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అసలు అపరాధి వీధి నాటకం హార్మోనియం కాదు. గుండెలదిరే డీజే బాక్సులు. మైకులు రాక ముందు కూడా వేషధారి గొంతు చివరి చాప మీది ముసలమ్మకు వినిపించేది. కళాకారుల గొంతుతో సాగే సంప్రదాయ నాటకానికీ డీజే హోరుకూ చట్టం దృష్టిలో తేడా ఉండాలా వద్దా అన్నది జిల్లా యంత్రాంగం, సాంస్కృతిక శాఖ కూర్చుని తేల్చవలసిన విషయం. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా చీలి చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాలు ఏర్పడ్డాయి. ఇక ఈ మాట ఒక్క కార్యాలయంలో తేలేది కాదు.

గంగమ్మకు ఢోకా లేదు

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర సంగతి వేరు. ఆడపిల్లల పాలిట యముడైన పాలెగాడిని మట్టుబెట్టడానికి అవిలాలలో పుట్టి, కైకాల వారింట పెరిగిన గంగమ్మ రోజుకో వేషం కట్టి అతనిని వెతికిందన్నది ఐతిహ్యం. మంగళవారం రాత్రి చాటింపు. చాటింపు వేశాక జాతర ముగిసే దాకా పొలిమేర దాటి వెళ్లరాదన్నది కట్టుబాటు. బుధవారం ఒళ్లంతా తెల్లగా పూసుకున్న బైరాగి. గురువారం కుంకుమ పులుముకున్న బండ. ఆ రోజు నోటికొచ్చిన బూతులు తిట్టినా తప్పు లేదు. శుక్రవారం బొగ్గుపొడి పూసుకుని వేపమండలు చేతబట్టిన తోటి. శనివారం చందనం పూసుకున్న దొర. ఈ వేషంలోనే పాలెగాడు చిక్కి హతమవుతాడు. ఆపై మాతంగి, సున్నపు కుండలు. చివరి మంగళవారం పొంగళ్లు, అర్ధరాత్రి దాటాక విశ్వరూపం, చెంప నరికే ఘట్టం, ఆ మట్టి కోసం తోపులాట. మొక్కుబడిగా మగవారు చీరలు కట్టి, జడలు వేసుకుని వచ్చే దృశ్యం దేశంలో మరెక్కడా ఇంత పెద్ద ఎత్తున కనిపించడం అరుదు. తిరుమల నుంచి శ్రీవారి చెల్లెలికి సారె వస్తుంది. జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికా ఆచార్యురాలు ఈ జాతరపై రాసిన పుస్తకం 2013లో వెలువడింది.

ఈ జాతర బతకడానికి కారణం గమనిస్తే భారతం కష్టం మరింత స్పష్టమవుతుంది. గంగజాతరలో వేషం ఎవరైనా కట్టవచ్చు. నాలుగేళ్ల పిల్లవాడికి తల్లి నామకోపు పూసి రెల్లకాయల మాల వేస్తే అతడే బైరాగి. శిక్షణ అక్కరలేదు, మొక్కు చాలు. ప్రేక్షకుడే వేషధారి కాబట్టి జనం పెరిగిన కొద్దీ జాతర పెరుగుతుంది. భారతం అలా కాదు. అక్కడ ఆడేవాడు వేరు, చూసేవాడు వేరు. చూసేవారు లక్ష మంది ఉన్నా ఆడేవాడు తయారు కాకపోతే ఆట లేదు. అయితే గంగజాతరలోనూ ఆసాదులు పాడే గంగమ్మ కథ, పంబల వారి వాద్యం ఆ నేర్పుతో కూడిన భాగాలే. డీజే మోతలో మొదట మునిగేవీ అవే. వెళ్లిన వారు గుడి వెనుక కాస్త ఆగి వాటిని వినడం మరువరాదు. స్త్రీ వేషంలో ఉన్నవారి ముఖాల మీదికి ఫోను పెట్టి వెక్కిరింపుగా తీయడం ఈ మధ్య ఎక్కువైంది. మొక్కు తీర్చుకునే మనిషి వినోదం వస్తువు కాడు.

కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమాంబ జాతర, చిత్తూరులో నడివీధి గంగమ్మ జాతర కూడా మే నెలలోనే. రద్దీకి భయపడేవారికి ఇవి కొంత నయం. వైశాఖ పౌర్ణమికి తాళ్లపాకలో, తిరుపతిలో జరిగే అన్నమయ్య జయంతి సభల గురించి వేరే చెప్పనక్కరలేదు. 1408లో పుట్టిన వాగ్గేయకారుడికి 1978 నుంచి ఒక ప్రాజెక్టే అండగా ఉంది. అచ్చయిన సంపుటాలు, గాయకులు, సభామందిరం అన్నీ అమరాయి. ఉచితంగా చల్లగా కూర్చుని వినవచ్చు.

కొండలు, కోనలు, ఏనుగులు

ప్రకృతి కోసం వెళ్లేవారు వేసవిలో కొంచెం తెలిసి వెళ్లడం మేలు. తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తు నుంచి దూకుతుందని చదివి మే నెలలో వెళితే సన్నని ధార కనిపిస్తుంది. ధారను మరిచి చుట్టూ ఉన్న అడవి కోసం వెళ్లాలి. శేషాచలం అడవుల్లో 2014 మార్చిలో చెలరేగిన మంటలను అదుపు చేయడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. బీడీ, అగ్గిపుల్ల జేబులోంచి తీయకపోవడమే ఈ నెలలో అడవికి చేసే సేవ. కడప కలెక్టరు హార్స్లీ పేర ప్రసిద్ధికెక్కిన ఏనుగు మల్లమ్మ కొండ 1,265 మీటర్ల ఎత్తున రాత్రి చల్లగానే ఉంటుంది. శని, ఆదివారాలు వదిలేసి వెళ్తే మంచిది. నేలపట్టు, పులికాట్ పక్షులకు ఇది అదను కాదు. శీతాకాలంలోనే వాటిని చూడాలి.

పలమనేరు, కుప్పం వైపు భారతాలకు వెళ్లేవారు మాత్రం ఏనుగుల విషయం విస్మరించరాదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చిన ఏనుగుల కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. మామిడి పండే కాలంలో అవి రాత్రి పూట తోటల మీద పడతాయి. సరిగ్గా అదే వేళ అదే దారుల్లో జనం భారతం చూసి ఇళ్లకు నడుస్తారు. 2025 మే 21న కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగులను రాష్ట్రానికి అప్పగించింది. పలమనేరు సమీపాన ముసలిమడుగు వద్ద శిబిరం ఏర్పాటైంది. కుంకీలు వచ్చినంత మాత్రాన అడవి అంచు దారులు క్షేమమని భావించడం తొందరపాటు. ఆ పల్లెల్లో పాత పద్ధతి ఒకటుంది. ఆట చూడడానికి వెళ్లినవారు నడిరేయి తిరిగి రారు. గుడి ముందే నడుం వాల్చి తెల్లారాకే కదులుతారు. అర్ధరాత్రికి ముగించే కొత్త భారతం వారిని ఆ చీకటి దారిలోకే పంపుతోంది.

ఎప్పుడు వెళ్లాలి?

ఎన్నడూ భారతం చూడని వారు పెద్ద ఊరి ఉత్సవానికి పోయి జనంలో నలిగేకంటే చిన్న పల్లెను ఎంచుకోవడం మంచిది. అర్జున తపస్సు సాయంత్రమే వెళ్లి, మాను చూసి, ఫొటో తీసుకుని తిరిగి వచ్చేవారే ఎక్కువ. దానికి ముందు రాత్రో, తరువాతి రాత్రో వెళితే అసలు ఆట కనిపిస్తుంది. తొమ్మిదిన్నర, పదికి గాని తెర లేవదు. తెర వెనుక వేషాలు దిద్దుకునే చోట పిల్లలను కాసేపు కూర్చోబెట్టినా మేళం వారు కాదనరు. చాప, నీళ్లు, తెల్లవారుజాము చలికి ఒక దుప్పటి తెచ్చుకోవాలి. మే నెలలో చలేమిటని అనుకునేవారు మైదానంలో నాలుగు గంటల దాకా కూర్చుని చూడవలసిందే. చదివింపు రాయించే వారు పేరు చదవవద్దని చెప్పి సొమ్ము నేరుగా మేళం పళ్లెంలో వేస్తే పద్యం మధ్యలో తెగదు.

ఉత్సవం చివరి రోజు ధర్మరాజు పట్టాభిషేకం. నిప్పులు తొక్కేది అయిపోయింది గనుక జనం ఇళ్లకు మళ్లుతారు. దీపాలు విప్పడానికి గుత్తేదారు మనుషులు నిచ్చెనలతో వచ్చేస్తారు. ఖాళీ చాపల ముందే మేళం వారు ధర్మరాజును సింహాసనం మీద కూర్చోబెట్టి మంగళం పాడి, రంగు కడుక్కుని, పెట్టెలు సర్దుకుని తరువాతి ఊరికి బయలుదేరతారు. ఆ రాత్రి అక్కడ బకాసుర వధ.